బీరువాలోని గొంతు

వీధిలో ఆవిణ్ని ప్రూఫులమ్మ అంటారు. కంప్యూటర్లు బాగుచేసే మనిషికి ఆ పేరేమిటని కొత్తగా వచ్చినవాళ్లు గుమ్మం మీది బోర్డు వంకా, లోపల కళ్లు చిట్లించుకుని కూర్చున్న ఆవిడ వంకా మార్చి మార్చి చూస్తారు. అడిగే ధైర్యం ఉన్నవాళ్లకు జవాబు ఆవిడ ఆడపడుచు చెబుతుంది.

"మా వదిన ఇరవై ఆరేళ్లు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దిందండీ. అచ్చాఫీసు మూతపడింది గానీ ఈవిడ దిద్దడం మూతపడలేదు. ఇప్పుడు మీ యంత్రాలను పట్టుకుంది."

అందులో అబద్ధమేమీ లేదు. అచ్చాఫీసులో పేజీలు కూర్చే కంప్యూటరు వారానికోసారి మొరాయించేది. బాగుచేసే ఆయన ఫోను ఎత్తేవాడు కాదు. పుస్తకం ఆగిపోతుందన్న కంగారులో ఆవిడే ఒకరోజు పెట్టె మరలు విప్పింది. లోపల దుమ్ము తుడిచింది. ఏ తీగ ఎక్కణ్నుంచి ఎక్కడికి పోతోందో కాగితం మీద గీసుకుంది. అలా మొదలైన పని, నలభై ఎనిమిదో ఏట ఉద్యోగం పోయేసరికి, చేతికి ఆసరా అయింది. అప్పటికే ఆడపడుచుకు ఈ వీధిలో జిరాక్సు, ప్రింటు కౌంటరు ఉంది. దాని వెనక పాత సామాన్లు పడేసే గది ఖాళీ చేయించి, కిటికీ కింద బల్ల వేసుకుని ప్రూఫులమ్మ కూర్చుంది. కూర్చుని పదమూడేళ్లయింది.

దిద్దడంలో ఆవిడకు ఒక పద్ధతి ఉంది. పుస్తకమంతా అందరిలాగే ఒకసారి చదివేది. రెండోసారి మాత్రం చివరి పుట, చివరి వరుస, చివరి మాట నుంచి వెనక్కి వచ్చేది. తెలిసిన వాక్యాన్ని కన్ను చదవదనీ, గుర్తుపట్టి దాటిపోతుందనీ ఆవిడ నమ్మకం. వెనక నుంచి వస్తే వాక్యానికి అర్థం ఉండదు, కాబట్టి ఒక్కొక్క మాటా ఒంటరిగా నిలబడి తన తప్పు తాను ఒప్పుకుంటుంది. ముఖ్యంగా సున్నాలు. ఉండాల్సిన చోట లేని సున్నా, ఉండకూడని చోట వచ్చి కూర్చున్న సున్నా. ఒక సన్మాన సంచికలో "పదిమంది పెద్దలు వేదిక నలంకరించారు" అన్న వాక్యంలో పది పక్కన సున్నా చేరి పందిమంది అయింది. ముగ్గురు చదివి సంతకాలు పెట్టిన పేజీ అది. ఆవిడ వెనక నుంచి వస్తూ పట్టుకుంది. ఆ పెద్దలకు ఈ సంగతి ఇప్పటికీ తెలియదు.

కంప్యూటర్లనూ అలాగే చూస్తుంది. లోపల ఏయే ప్రోగ్రాములు నడుస్తున్నాయో ఆ జాబితా తెరిచి, అడుగు నుంచి పైకి, పెదవులు కదుపుతూ చదువుతుంది.

"యంత్రాన్ని బాగుచెయ్యమని ఇస్తే పాఠం అప్పజెబుతావేమిటి వదినా?" అంటుంది ఆడపడుచు.

"నువ్వు ప్రింటు తీసేది నేను చదివితే నీకు కస్టమర్లుండరు. నా జోలికి రాకు."

ఒక సోమవారం ఉదయం, కౌంటరు తెరిచిన పావుగంటకు, ఒక పెద్దావిడ తువ్వాలులో చుట్టిన ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చింది. వెనకే ఆమె భర్త. పొడుగాటి మనిషి, మెడకు పలచటి గుడ్డ చుట్టుకుని ఉన్నాడు. చేతిలో పుస్తకమంత తెల్ల పలక, దానికి దారంతో కట్టిన మార్కరు.

"ఇక్కడ ఫార్మాట్ కొట్టకుండా బాగుచేస్తారని విన్నాం," అంది పెద్దావిడ, కుర్చీ చూపించినా కూర్చోకుండా.

"చూడకుండా మాట ఇవ్వలేనండి. కూర్చోండి. ఏమైంది?"

"మొదట నత్తలా నడిచేది. తరవాత మధ్యలో నీలం రంగు తెర వచ్చి ఆగిపోయేది. ఇప్పుడు తెరుచుకోవడానికే అరగంట. ఇదివరకు ఒక షాపులో ఇచ్చాం, వారం బాగుంది, మళ్లీ మొదటికొచ్చింది. రెండో షాపాయన లోపలున్నదంతా తుడిచేసి ఫార్మాట్ కొట్టేస్తే కొత్తదానిలా అవుతుందన్నాడు. అది కొత్తదయితే మా ఆయన మూగవాడవుతాడండీ అని చెప్పి తెచ్చేసుకున్నాను."

అప్పుడు తెలిసింది సంగతి. ఆయన ముప్ఫై ఒక్క ఏళ్లు బస్‌స్టేషన్‌లో అనౌన్సరు. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారానికి వస్తుందో, ఎవరి పిల్లవాడు తప్పిపోయి విచారణ గదిలో ఏడుస్తున్నాడో ఆయనే చెప్పేవాడు. గొంతులో పుండు లేచింది. స్వరపేటిక తీసేయాలని, మూడు వారాల్లో ఆపరేషనని డాక్టరు చెప్పాడు. ఆ మూడు వారాలూ డ్యూటీ అయ్యాక అదే మైకు ముందు కూర్చుని, బతికినన్నాళ్లు కావలసిన మాటలని భార్యాభర్తలిద్దరూ రాసుకున్న జాబితా చూస్తూ, ఒక్కొక్క వాక్యమే చదివి దాచుకున్నాడు. రెండు వేల నూట నలభై వాక్యాలు. ఇప్పుడు తెర మీద గడి నొక్కితే ఆయన గొంతే పలుకుతుంది. పలికేది.

"ముప్ఫై ఒక్క ఏళ్ల అలవాటు కదండీ," అంది భార్య, కాస్త సిగ్గుగా. "ఇంటి మాటలు కూడా బస్‌స్టేషన్‌లో చదివినట్టే చదివారు. 'స్నానపు గదిలో తువ్వాలు లేదు, సంబంధితులు గమనించగలరు' అంటారు. ఆ సంబంధితులు ఇంట్లో నేనొక్కదాన్నే."

ఆడపడుచు కౌంటరు దగ్గర నుంచి ఫక్కున నవ్వింది. అనౌన్సరుగారు నవ్వలేదు. పలక మీద రాసి ప్రూఫులమ్మకు చూపించాడు: *వస్తుందా?*

అక్షరాలు అచ్చుగుద్దినట్టున్నాయి. ఆవిడ వాటినే కొంతసేపు చూసి, "చేతిలో ఉన్నంతా చేస్తాను," అంది. "ముందు ఒక సంగతి. దీనికి ఎప్పుడైనా పెన్‌డ్రైవ్ పెట్టారా? ఇంట్లో ఉందా?"

"లేదండి," అంది భార్య. జవాబు వెంటనే వచ్చింది.

ఉన్న ఒక్క ప్రతి మీద ఎర్రసిరా పెట్టకూడదన్నది అచ్చాఫీసు నేర్పిన నియమం. అందుకని మొదట ఇంటర్నెట్ తీగ దగ్గరకు కూడా రానివ్వకుండా, ఆ ల్యాప్‌టాప్‌ను దాని సొంత ప్రోగ్రాములతో కాకుండా తన దగ్గరున్న డిస్కుతో లేపింది. అలా లేపితే లోపల దాక్కున్నది నిద్రలోనే ఉంటుంది, మనం ఇల్లంతా తిరిగి చూడొచ్చు. హార్డ్‌డిస్కులో ఉన్నదంతా పక్కన వేరే డిస్కులోకి నకలు తీయడం మొదలుపెట్టింది. మధ్యాహ్నమైంది.

గొంతు ఉండాల్సిన ఫోల్డరు తెరిస్తే ఖాళీ. రెండో షాపాయన చూసింది ఇక్కడిదాకానే. ప్రూఫులమ్మ మాత్రం కాగితం తీసి కూడింది. కనబడుతున్న ఫైళ్లన్నీ కలిపితే డిస్కులో పదో వంతు కూడా లేవు, డిస్కు చూస్తే సగం పైగా నిండి ఉంది. బీరువా ఖాళీ అంటున్నారు, జరపబోతే కదలడం లేదు. మరి బరువెక్కడిది?

దాచిన ఫైళ్లను కూడా చూపించమని అడిగింది. అప్పుడు బయటపడింది, పేరు లేని ఫోల్డరు ఒకటి. పేరుండాల్సిన చోట ఒట్టి ఖాళీ. అందులో వాక్యాలు వరసగా పడుకుని ఉన్నాయి, ఒక్కొక్క ఫైలుకూ దాని మాటే పేరు. నొప్పి తగ్గింది. నొప్పి తగ్గలేదు. కిటికీ వేయగలరు. పక్కింటి వారికి తిరిగి ఇవ్వవలెను. లెక్క చూసింది. రెండు వేల నూట పదిహేడు.

"ఇరవై మూడు తగ్గాయండి," అంది వాళ్లతో. "ఇందులో చేరిన వైరస్ పురుగు దాచేస్తుంది గానీ తినదు. రాస్తున్నప్పుడు మెషీన్ చటుక్కున ఆగిపోతే అప్పుడు విరిగిపోతాయి. ఆగిపోయిన ప్రతిసారీ కొన్ని పోతున్నాయి. ఇంకోసారి కానివ్వకూడదు."

ఆయన తల దించుకున్నాడు. ఆమె మాత్రం తొణకలేదు. గుండె దిటవు గల మనిషి అనుకుంది ప్రూఫులమ్మ. మనుషులను ముందు నుంచి చదివితే ఇలాగే పొరబడతాం.

తరవాత పురుగు వేట. ల్యాప్‌టాప్‌ను ఈసారి దాని సొంత ప్రోగ్రాములతోనే, అతి తక్కువ వాటితో లేపి, నడుస్తున్నవాటి జాబితా తెరిచింది. అడుగు నుంచి పైకి రావడం మొదలుపెట్టింది. డెబ్భై నాలుగు పేర్లు. నలభయ్యో పేరు దగ్గర పెదవులు ఆగాయి. కంప్యూటరు తన ఇంటిపని తాను చేసుకోవడానికి వాడుకునే ప్రోగ్రాము పేరు అది. ఏ మెషీన్‌లో అయినా ఉండేదే, ఎవరూ రెండోసారి చూడరు. ఆ పేరు మధ్యలో ఇంగ్లీషు 'ఓ' అక్షరం ఉండాలి. ఇక్కడ ఉన్నది అక్షరం కాదు, అంకె.

"సున్నా," అంది ఆవిడ పైకే.

"ఏమిటి వదినా?"

"ఓ అక్షరం చోట సున్నా పెట్టుకుని పెద్దమనిషిలా కూర్చున్నాడు. యూనిఫారం వేసుకున్న దొంగ."

ఆపింది. రెండు నిమిషాలకు మళ్లీ లేచింది. ఫైలు ఎక్కడుందో పట్టుకుని తీసేసింది. మళ్లీ వచ్చింది. "ఎవడు లేపుతున్నాడు నిన్ను?" అంటూ వేళకు పనులు చేయమని కంప్యూటరుకు అప్పగించే జాబితా తెరిచింది. దాన్నీ చివర నుంచి. అక్కడ దొరికాడు రెండోవాడు, ప్రతి పది నిమిషాలకూ మొదటివాణ్ని తట్టి లేపేవాడు. మెషీన్ తెరుచుకోగానే నడిచే వాటిలో ఇంకొకడు. ముగ్గురినీ ఒకేసారి తీసి, మళ్లీ తన డిస్కుతో లేపి, వైరస్‌లను వెతికే ప్రోగ్రాముతో మూలమూలా గాలించింది. సాయంత్రం నాలుగున్నరకు మెషీన్‌ను మామూలుగా తెరిస్తే ఒక్క నిమిషంలో లేచింది. వాక్యాలను వాటి చోట పెట్టింది.

అనౌన్సరుగారు వచ్చి ఒక గడి నొక్కాడు.

"గది నందలి ఫ్యాను వేగమును తగ్గించవలసినదిగా కోరుతున్నాము."

నిండైన గొంతు, దుమ్ముపట్టిన ఆ గదికి మించిన గొంతు. ఆడపడుచు పరిగెత్తుకెళ్లి ఫ్యాను తగ్గించి, తరవాత తాను చేసిన పనికి తానే నవ్వుకుంది.

వాళ్లు వెళ్లాక ప్రూఫులమ్మ తన డిస్కులో తీసిన నకలు చెరిపేసింది. ఇదీ ఆవిడ నియమమే. ఒకరి ఇంటి మాటలు మన దగ్గర ఉండకూడదు.

మర్నాడు పదింటికి మెట్ల మీద అడుగులు వినగానే ఆవిడకు అర్థమైంది. తువ్వాలు కూడా చుట్టలేదు ఈసారి.

"రాత్రి నీలం తెర వచ్చిందండీ," అంది పెద్దావిడ. "మూడుసార్లు."

అనౌన్సరుగారు పలక చాపాడు. దారి పొడుగునా రాసుకుంటూ వచ్చినట్టుంది, అంచుల దాకా నిండిపోయింది. *చాలు. ఫార్మాట్ చేయండి. వచ్చి పోయే గొంతు వద్దు. పలక చాలు నాకు.*

"అలా అనకండి," అంది ప్రూఫులమ్మ.

ఆయన తుడిచి ఒక్క మాటే రాశాడు: *ఊరించకండి.*

తన డిస్కుతో మెషీన్‌ను లేపి, పేరు లేని ఫోల్డరు వెతికి లెక్క చూసింది. రెండు వేల ఎనభై ఎనిమిది. ఒక్క రాత్రిలో ఇరవై తొమ్మిది వాక్యాలు. నిన్న చెరిపేసిన నకలు గుర్తొచ్చింది. తన నియమం మీద తనకే ఒళ్లు మండింది. మిగిలినవి వెంటనే నకలు తీసి, మెషీన్‌ను దాని సొంత ప్రోగ్రాములతో లేపి జాబితా తెరిస్తే సున్నా దొరగారు మళ్లీ కుర్చీలో ఉన్నాడు.

"పోనీ వదినా," ఆడపడుచు దగ్గరకొచ్చి గొంతు తగ్గించి అంది. "ఆయనే వద్దంటుంటే నీకెందుకు పట్టుదల? మిగిలినవి తీసిచ్చేసి ఫార్మాట్ కొట్టు. రెండు వేల మాటలు తక్కువా? నేను రోజంతా వాగేవి అన్ని ఉండవు."

"మిగిలినవి ఇస్తాను, వాళ్లు ఇంటికెళతారు, వారంలో పద్దెనిమిది వందలవుతాయి. వీడు లోపల పుట్టలేదు. నేను నిన్న ముగ్గురినీ తీశాను. బయట నుంచి మళ్లీ ఎవరో తీసుకొచ్చి కూర్చోబెట్టారు. ఎవరో తెలియాలి."

కుర్చీ పెద్దావిడ వైపు తిప్పుకుని కూర్చుంది.

"నిన్న ఇంటికెళ్లాక ఏం చేశారో చెప్పండి."

"ఏమీ చెయ్యలేదండి."

ఈ జవాబు పదమూడేళ్లుగా వింటోంది ఆవిడ. మనిషి ముందు నుంచి వెనక్కి కథ చెబితే తనకు అక్కర్లేదనిపించింది దాటేస్తాడు. అబద్ధం కాదది, అలవాటు.

"సరే. వెనక నుంచి చెప్పండి. ఇక్కడికి రావడానికి ముందు?"

"చెప్పులు వేసుకున్నాం."

"దానికి ముందు?"

"ఆయన పలక మీద రాస్తున్నారు. నేను దీన్ని కట్టేశాను."

"కట్టేయడానికి ముందు?"

"పొద్దున లేస్తుందేమోనని చూశాం. అంతకుముందు రాత్రి. మూడోసారి నీలం తెర. అంతకుముందు రెండోసారి. దానికి ముందు మొదటిది."

"మొదటి నీలం తెరకు ముందు?"

"ముందు..." పెద్దావిడ భర్త వైపు చూసి చూపు తిప్పుకుంది. "దానికి ముందు గొంతు పెట్టాను."

"గొంతు పెట్టడమంటే?"

"మా ఇంట్లో దాన్ని గొంతు అంటామండి. ఆపరేషన్‌కు ముందు రోజు ఈయన ఇంత చిన్నదానిలో మాటలన్నీ ఎక్కించి నా చేతిలో పెట్టారు. 'ఇదే నా గొంతు, నీ దగ్గర ఉంచు' అన్నారు. ఆయన నోటితో అన్న ఆఖరి మాటల్లో అదొకటి. బీరువాలో బట్టల మధ్య దాచాను."

"పెన్‌డ్రైవ్," అంది ప్రూఫులమ్మ మెల్లగా.

"నిన్న మీరు అడిగినప్పుడు గుర్తు రాలేదా అంటే వచ్చింది. మీరు పెన్‌డ్రైవ్ అన్నారు కదా, మాది గొంతు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను." ఆమె కొంగు చివర వేలికి చుట్టుకుంటూ విప్పుతూ ఉంది. "నెల కిందట తీసి ఈ ల్యాప్‌టాప్‌కు పెట్టి చూస్తే అందులో ఏమీ లేదు. బాణం గుర్తున్న ఫోల్డరు ఒక్కటే ఉంది. నా దగ్గర దాచమని ఇచ్చినది నా దగ్గరే ఎండిపోయిందని ఈయనకు ఎలా చెప్పను? నిన్న ఇరవై మూడు తగ్గాయన్నారు. మెషీన్ బాగైంది కదా, ఇప్పుడు పెడితే కనబడతాయేమోనని ఆశ. పెట్టి ఆ బాణం నొక్కాను."

అనౌన్సరుగారు పలక ఎత్తలేదు, మార్కరు తీయలేదు. చేయి చాపి, ఆమె వేలికి చుట్టుకున్న కొంగు విప్పి వదిలేశాడు.

"ఆ గొంతు ఇప్పుడెక్కడుంది?" అడిగింది ప్రూఫులమ్మ.

పెద్దావిడ చేతిసంచిలోంచి చిన్న అగ్గిపెట్టె తీసింది. దూది పరిచి, దాని మీద పెన్‌డ్రైవ్. "దీనివల్లేనన్నమాట! రోగం దాచిపెట్టుకున్నాను ఇన్నాళ్లూ!" అంటూ పిడికిలి బిగించి లేచి, గుమ్మం పక్కనున్న చెత్తబుట్ట వైపు నడిచింది.

"ఆగండి!" ప్రూఫులమ్మ కుర్చీ వెనక్కి పడిపోయింది. "రోగమూ అందులోనే ఉంది, గొంతూ అందులోనే ఉంది. పారేస్తే రెండూ పోతాయి. ఇలా ఇవ్వండి."

దాన్ని అందుకుని, అరచేతిలో బరువు చూస్తున్నట్టు పట్టుకుని, ఇంకో ప్రశ్న అడిగింది. "బీరువా దాటి ఇది ఎప్పుడైనా బయటికి వెళ్లిందా?"

"ఒక్కసారేనండి. రెండు నెలల కిందట. వాక్యాల జాబితా అందులోనే ఉంది. ఈయనకు చూపు ఆనడం లేదని పెద్ద అక్షరాల్లో ప్రింటు తీయించాను."

"ఎక్కడ?"

పెద్దావిడ సందేహంగా ఆడపడుచు వైపు చూసింది. "ఇక్కడే కదా. మీరే తీసిచ్చారు."

"నా దగ్గరా!" ఆడపడుచు గయ్యిమంది. "రోజుకు వంద మంది వస్తారు, వంద పెన్‌డ్రైవ్‌లు పెడతారు. ఇవాళ్టిదాకా ఒక్కరు ఒక్క మాట అన్లేదు. నా మెషీన్ అద్దంలా ఉంటుంది!"

ప్రూఫులమ్మ కౌంటరు దగ్గరకు నడిచింది. అక్కడి మెషీన్ కాస్త నెమ్మదిగా ఉందని ఆడపడుచు ఎండాకాలం నుంచి అంటూనే ఉంది. ఇంటిది కదా, రేపు చూద్దాంలే అని తాను దాటేస్తూ వచ్చింది. జాబితా తెరిచి అడుగు నుంచి పైకి వచ్చింది. ఎంతో దూరం రానక్కర్లేకపోయింది.

"చూడు," అంది.

ఆడపడుచు కళ్లజోడు ఎత్తి పెట్టుకుని వంగి చూసింది. "ఓ లాగే ఉంది కదా."

"పక్క పేరులో ఓ చూడు. ఇది చూడు. ఇది సన్నం."

చాలాసేపు చూసింది ఆడపడుచు. తరవాత కౌంటరు మెషీన్ స్విచ్చి తనే కట్టేసింది. ప్రింటు కోసం నిలబడ్డ ఇద్దరిని "ఇవాళ లేదు, వెళ్లండి" అని పంపించేసింది. అట్టముక్క మీద లావు అక్షరాలతో రాసి అద్దానికి అంటించింది: 'ఈ రెండు నెలల్లో ఇక్కడ పెన్‌డ్రైవ్ పెట్టిన వారు దయచేసి తీసుకురాగలరు. తప్పు మాదే. శుభ్రం చేసి ఇస్తాం.'

"శుభ్రంలో ఒత్తు తప్పిందా చూడు వదినా," అంది, ఇంకా ముఖం చూడకుండానే.

"ఏ తప్పూ లేదు," అంది ప్రూఫులమ్మ. పెద్దావిడ వైపు తిరిగింది. "మీ గొంతు మా గుమ్మంలోనే చెడింది. ఈసారి దీన్ని బాగుచేయకుండా నేను లేవను. ఆయన వద్దన్నా సరే."

అనౌన్సరుగారు పలక తుడిచేశాడు. ఏమీ రాయకుండా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

పెన్‌డ్రైవ్‌ను ఆవిడ ఆ రెండు కంప్యూటర్లలోనూ పెట్టలేదు. గదిలో మూలనున్న పాత మెషీన్‌ను తన డిస్కుతో లేపింది. ఆ నేల మీద ఈ పురుగుకు కాళ్లు ఆడవు. పెన్‌డ్రైవ్ తెరిస్తే పెద్దావిడ చెప్పినట్టే బాణం గుర్తు ఫోల్డరు ఒక్కటే కనిపించింది. అది ఫోల్డరు కాదు, ఫోల్డరు బొమ్మ తగిలించుకున్న తలుపు. నొక్కితే ముందు పురుగును లోపలికి పంపుతుంది. దాన్ని ముట్టుకోకుండా, దాచినవి చూపించమంది. పేరు లేని ఫోల్డరు వచ్చింది. తెరిచింది. తెర మీద వరసలు దిగుతూనే ఉన్నాయి.

"లెక్క మీరే చదవండి," అని పక్కకు జరిగింది.

పెద్దావిడ తెరకు ముక్కు ఆనేంత దగ్గరగా వంగింది. "రెండు వేల... నూట..." అక్కడ ఆగి, కళ్లు తుడుచుకుని మళ్లీ చూసింది. "నలభై. నూట నలభై. అన్నీ ఉన్నాయండీ!"

"ఎండిపోలేదు. ఎవడో తలుపు మీద రంగేసి గోడలా చేశాడు, అంతే. మీరు దాచింది దాచినట్టే ఉంది."

ఆ రోజూ, మర్నాడూ పని నడిచింది. పెన్‌డ్రైవ్‌లోంచి వాక్యాల ఫైళ్లు మాత్రమే ఏరి, ఒక్కొక్కటీ విరగకుండా ఉందో లేదో వినిపించి చూసింది. అన్నీ విన్నది అనౌన్సరుగారే. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, విన్న ప్రతిదానికీ కాగితం మీద టిక్కు పెట్టాడు. మధ్యలో రెండుసార్లు తన గొంతును తనే తప్పుబట్టి, పలక మీద *ఇక్కడ తొందరపడ్డాను* అని రాసి చూపించాడు. "అది నేను దిద్దలేనండి," అంది ప్రూఫులమ్మ. ఇప్పుడు ఫార్మాట్ చేయమని ఎవరూ చెప్పనక్కర్లేకుండా ఆవిడే ఆ ల్యాప్‌టాప్‌ను ఫార్మాట్ చేసి, ప్రోగ్రాములన్నీ మొదటి నుంచి శుభ్రంగా ఎక్కించింది. బయట పెట్టినదేదీ దానంతటది నడవకుండా తలుపులు బిగించింది. పెన్‌డ్రైవ్‌ను తుడిచి మళ్లీ నింపింది. వేరే డిస్కులో ఇంకో నకలు తీసి, అది వాళ్ల ఇంట్లోనే వేరే గదిలో ఉంచమంది. కౌంటరు మెషీన్‌ను, దాని పక్కన పేరుకుంటున్న వీధి వాళ్ల పెన్‌డ్రైవ్‌లను ఆడపడుచే, ఆవిడ చెబుతుంటే, ఒక్కొక్కటీ శుభ్రం చేసింది. "నలభై ఒకటి," "నలభై రెండు" అని మొక్కు తీర్చుకుంటున్నట్టు లెక్కపెట్టుకుంది.

బుధవారం మధ్యాహ్నం అన్నీ బల్ల మీద పెట్టి, "ఇప్పుడు గొంతు పెట్టండి," అంది ప్రూఫులమ్మ.

పెద్దావిడ చేతులు వెనక్కి తీసుకుంది. "మీరే పెట్టండి. నా చెయ్యి మంచిది కాదు."

"ఇంటి దగ్గర పెట్టేది మీరే. ఇక్కడ భయపడితే అక్కడ మళ్లీ బీరువాలో దాస్తారు. పెట్టండి."

రెండుసార్లు తలకిందులుగా పెట్టబోయి, మూడోసారి సరిగ్గా పెట్టింది. తెర మీద ఒక ఫోల్డరు వచ్చింది. దానికి పేరుంది. బాణం లేదు. తెరిచింది. మెషీన్ ఆగలేదు. మూసి, తీసి, మెషీన్ కట్టేసి, లేపి, మళ్లీ పెట్టించింది ప్రూఫులమ్మ. అలా ఆరుసార్లు. ఆరోసారికి పెద్దావిడ చూడకుండానే పెట్టింది.

"ఇక రేపు రాకండి," అంది ప్రూఫులమ్మ.

వాళ్లు రాలేదు. గురువారం పదింటికి ఆవిడ మెట్ల వైపు చూసింది. శుక్రవారమూ చూసింది. ఆ తరవాత వారం చూడటం మానేసింది గానీ, చూడటం మానేశానని గుర్తుంచుకుంది.

పదో రోజున కౌంటరు మీది ఫోను మోగింది. ఆడపడుచు చేతినిండా కాగితాలుండటంతో ప్రూఫులమ్మే తీసింది. అవతల ఎవరూ మాట్లాడలేదు. గడి నొక్కిన చిన్న చప్పుడు. తరవాత నిండైన గొంతు, ఒక్కొక్క వాక్యానికీ మధ్య వెతుక్కుంటున్నంత ఎడం ఇస్తూ:

"విజ్ఞప్తి. మాట్లాడుచున్నది నేనే. ఇక్కడ అంతా సక్రమముగా నడుచుచున్నది. తొందరపడి అన్న మాటకు చింతిస్తున్నాము."

ఆపరేషన్ అయ్యాక ఆయన ఇంకొకరికి ఫోను చేయడం అదే మొదటిసారని ప్రూఫులమ్మకు తెలియదు. "వినబడుతోందండీ," అంది. "బాగా వినబడుతోంది."

"ఎవరు వదినా?"

"అనౌన్సరుగారు."

ఆడపడుచు కాగితాలన్నీ కౌంటరు మీద పడేసి చెయ్యి చాపింది. "ఇటివ్వు, నేను వినలేదు. మళ్లీ ఒకసారి అనమను."